గురువారం చివరి గంట

పందొమ్మిదివందల యాభై మూడులో నన్ను నాంపల్లిలోని ఒక ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌ను చేశారు. అప్పటిదాకా ఉర్దూలో నడిచిన బడి అది. కొత్తగా తెలుగు తరగతులు పెట్టారు. నేను నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినదాన్ని. బి.ఏ. ఉంది కాని ఉర్దూ అంతంతమాత్రం. లెక్కల టీచరమ్మ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, నగరంలో పాత కుటుంబం మనిషి. ఆ కుర్చీ ఆమెకే వస్తుందనుకున్నారట అందరూ. నిజానికి నాకూ అది ఆమె కుర్చీయే అనిపించేది.

నేను గదిలోకి వెళ్లగానే టీచర్లు మాటలు ఆపేసేవారు. నా ఉర్దూ గురించే నవ్వుకుంటున్నారనుకునేదాన్ని. అందుకే నోటీసులన్నీ తెలుగులోనే రాసి అంటించేదాన్ని. హాజరుపట్టీ ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. సుద్దముక్కల డబ్బా కూడా నా బీరువాలోనే.

ఆ టీచరమ్మ ప్రతి గురువారం చివరి గంట సెలవు అడగసాగింది. ఎందుకని అడిగితే, "జర పనున్నది" అనేది. మా పై ఆఫీసు ఆబిడ్స్ పక్కనే, గన్‌ఫౌండ్రీలో. నా మీద చాడీలు మోస్తోందని తేల్చుకున్నాను. బడి ఆయమ్మను అడిగాను.

"నాకేం తెల్వదమ్మా. ఆబిడ్స్ దిక్కు పోతది."

ఈమె కూడా వాళ్ల మనిషేననుకున్నాను.

మూడో గురువారం బడి వదిలేసి ఆమె వెనకాలే నడిచాను. గన్‌ఫౌండ్రీ వైపు తిరుగుతుందని చూశాను. తిరగలేదు. ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం పక్క సందులో ఒక ఇంట్లోకి వెళ్లింది. కిటికీ దగ్గర నిలబడి చెవి ఒగ్గాను. ఆమె తడబడుతూ ఏదో చదువుతోంది. ఒక ముసలి పంతులు దిద్దుతున్నాడు. కాసేపటికి అర్థమైంది, అది నేను ముందురోజు అంటించిన నోటీసు.

ఆమె బయటికి వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను.

"గీడ నిలవడ్డరేంది?"

అబద్ధం తోచలేదు. "నా మీద శికాయత్ చేస్తున్నరనుకున్న, అక్కా."

ఆమె నవ్వలేదు. "మీ నోటీసులు ఒక్కటీ సమజైతలేవు. అడుగుదామంటే మీరు ముఖం తిప్పుకుంటరు. ఇన్నేండ్లు నౌకరీ చేసి ఇప్పుడు అక్షరాలు దిద్దుతున్ననని ఎట్ల చెప్పాలె మీకు?"

ఇద్దరం కలిసే నాంపల్లి దాకా నడిచాం.

మర్నాడు ఒక పిల్ల తండ్రికి ఉర్దూలో రాయవలసిన జవాబు ఆమె ముందు పెట్టి, అందరూ వింటుండగానే, "నాకు సక్కగ రాయరాదు, జర చూడున్రి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు పొద్దంతా పట్టింది. ఎవరూ నవ్వలేదు. ఒకామె మాత్రం, "మాకూ తెలుగు నేర్పిస్తరా?" అని అడిగింది.

ఆ యేడు పరీక్షల పనంతా లెక్కల టీచరమ్మకే అప్పగించాను. ఆమె దిద్దిన కాగితాలు తప్పులు వెతకడానికి ఇంటికి తెచ్చుకున్నాను కూడా. రెండు రోజులు మూట అలాగే ఉంచి, విప్పకుండానే తీసుకెళ్లి ఇచ్చేశాను.