ఇరవై మైళ్ళ దయ్యం

ఎండాకాలం ముదిరిన రోజుల్లో నాకొక పోస్టుకార్డు వచ్చింది. "సార్, దయ్యాలు లేవని మీరు పుస్తకం రాసిండ్రు. నా మోటరు సైకిల్ మీద ఒకటి కూసున్నది. వచ్చి దించుండ్రి. మిరుగు లోపల రావాలె." కింద సంతకం: మల్లేశం, పశువుల కంపౌండర్, బచ్చన్నపేట.

దయ్యాలున్నాయని నాతో వాదించినవాళ్ళు చాలామందే ఉన్నారు. దయ్యాన్ని దించడానికి గడువు పెట్టినవాడు ఇతనొక్కడే. మర్నాడే సికింద్రాబాదులో ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను.

జనగామలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. మల్లేశం ముప్పై ఏళ్ళ మనిషి, సన్నగా ఉన్నాడు, భుజానికి మంచు ఫ్లాస్కు వేలాడుతోంది. స్టేషన్ బయట వేపచెట్టు నీడలో ఎర్రరంగు మోటారు సైకిలు స్టాండు వేసి ఉంది. "చూడుండ్రి సార్, ఇంజను బంద్ చేసిన, తాళం నా చేతుల ఉన్నది" అన్నాడు. వంగి మీటరు చూశాను. ముల్లు ఇరవై దగ్గర ఉంది. ఆగిన బండి గంటకు ఇరవై పోతోంది.

టీ తాగుతూ సంగతంతా చెప్పాడు. ఎనిమిది నెలల కింద వరంగల్‌లో ఒక బ్రోకరు దగ్గర ఈ బండి కొన్నాడు. పన్నెండు ఊళ్ళలో పశువులకు సూదులు వెయ్యడం అతని పని. మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, వానలు పడ్డాయంటే గొంతువాపు వస్తుంది. ఆలోపు టీకా పడకపోతే బర్రెలు దక్కవు. ఒకరోజు ఊరి పోస్టుమాస్టరు బండి ఆర్.సి. పుస్తకం చదివాడు. ఊళ్ళో ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పేది ఆయనే. పాత యజమాని పేరు ముందు 'లేట్' అని ఉంది. శుభలేఖల్లో, కర్మపత్రికల్లో ఆ మాట ఎవరి పేరు ముందు వేస్తారో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రమే ఎవరో ముల్లు చూశారు.

"సచ్చినోడు ఇంక తోల్తనే ఉన్నడట సార్. ఆ బండి మీదనే సచ్చిండట, ఇది గూడ వాళ్ళే చెప్తుండ్రు. బండి ఊర్లకు రావద్దన్నరు. నడిచిపోతే మంచు కరిగిపోతున్నది. కరిగిన మందు నీళ్ళతో సమానం. రెండూర్లు చేసిన, పదూర్లున్నయి, మిరుగుకు మూడు వారాలున్నది."

నేను వెంటనే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చచ్చినవాడికి చేతులు లేవు, చేతులు లేనివాడు క్లచ్చు పట్టలేడు అన్నాను. ఆ మనిషి ఏ జబ్బుతో, ఏ మంచం మీద పోయాడో రుజువు తెచ్చి ఊరి ముందు పెడతానన్నాను. అంత వాదించిన నాకు, అసలు అతను చచ్చాడా అని అడగాలన్న ఆలోచన రాలేదు. పోస్టుమాస్టరు ఒక్క మాటను నమ్మాడు. నేనూ అదే మాటను నమ్మి దాని మీద తర్కం కట్టాను. ఇది మధ్యలో చెప్పుకుంటే మర్యాదగా ఉండదు, అందుకే మొదట్లోనే ఒప్పుకుంటున్నాను.

ఆర్.సి. పుస్తకం తెరిచాను. పేజీ కుడి పక్క చిరిగి, పేరు మాత్రం మిగిలింది: రాజిరెడ్డి. పేరుకు ముందు, పై వరసలో, ఊదారంగు రబ్బరు ముద్రలో లేట్. చిరునామా ఆ చిరిగిన ముక్కతో పోయింది.

స్టేషన్ రోడ్డులో యాకూబ్ అనే మెకానిక్ ఉన్నాడు. జనగామలో మీకు ఎప్పుడు బండి చెడినా ఆయన దగ్గరికే పొండి, మాటకు కూలి పుచ్చుకోడు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి, ఆర్.సి.తో సరిపోల్చి చూశాడు. రెండూ కలిశాయి. తర్వాత మీటరు చూసి నవ్వాడు.

"గిది మైళ్ళ మీటరు సార్. బండి కిలోమీటర్ల కాలంది. మీటరు ఈ బండిది కాదు."

"అంటే?" అన్నాడు మల్లేశం.

"అంటే నీ దయ్యం ఇంగ్లీషోడు. మైళ్ళల్ల తిరుగుతుండు."

మీటరు విప్పి, లోపలి రేకు డబ్బాను వెలుతురుకు తిప్పాడు. అడుగున సూదిమొనతో గీసిన అక్షరాలు: మా.కోట, వెం.చారి, 412. "గడియారాలు బాగుచేసేటోళ్ళు గిట్ల గీస్తరు సార్, మళ్ళ తమ చేతికొస్తే గుర్తుపట్టనీకి. మానుకోట పోతే దొరుకుతడు, ఈ మీటరు ఎవరు తెచ్చిండ్రో చెప్తడు."

మహబూబాబాదును ఈ వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు. టికెట్టు మీద మహబూబాబాదు, మనుషుల నోట మానుకోట. మధ్యాహ్నం రెండింటికి ప్యాసింజరెక్కి, కాజీపేటలో దిగి, గంటన్నర బెంచీ మీద కూర్చుని, ఇంకో బండి పట్టుకున్నాను. డబ్బా నిండా మిరప ఘాటు. ఎదుట కూర్చున్న మిర్చి వ్యాపారి నా ప్రయాణం కారణం విని చాలాసేపు ఆలోచించాడు.

"మీటరు కోసం ఇంత దూరమా? మా ఇంట్ల దేవుని మొక్కు ఆరేండ్ల సంది బాకీ ఉన్నది, గది తీర్చనీకే మాకు తీరిక లేదు."

మానుకోటలో స్టేషన్ ఎదుటి లాడ్జిలో పడుకున్నాను. పరుపు తీసేసి చెక్క మీద పడుకుంటే నల్లుల బెడద తక్కువ. తెల్లవారి ఉప్మా తిని అంగడి వీధికి వెళ్ళాను. వెంకటాచారి దుకాణం ఒక బీరువా అంత ఉంటుంది. కంటికి భూతద్దం బిగించుకుని ఒక ఆడవాళ్ళ చేతి గడియారంలోకి చూస్తున్నాడు. నంబరు చెప్పగానే తల ఎత్తకుండానే కాలితో ఒక పెట్టె జరిపి, అందులోంచి నోటుబుక్కు తీశాడు.

నాలుగువందల పన్నెండు: రాజిరెడ్డి, భూపాలపల్లి. మోటారు సైకిలు మీటరు. టైంపీసు స్ప్రింగు వేసినది. ఇరవై ఎక్కువ చూపును.

"అరవై తొమ్మిది తెలంగాణ గడబిడల వరంగల్ల రాయి తగిలి అసలు మీటరు పలిగింది" అన్నాడు చారి. "ఆయన ఎక్కడ్నో పాత మిలిట్రీ బండి మీటరు పట్టుకొచ్చిండు. లోపల స్ప్రింగు లేదు. టైంపీసుది వేసిన. ముల్లు ఇరవై దాటి కిందికి రాదు. ఎంత చూపెడితే అండ్లకెళ్ళి ఇరవై తీసెయ్యి అన్న. సరే అన్నడు."

"ఆయన ఎట్ల పోయిండు?" అని అడిగాను.

చారి అప్పుడు తల ఎత్తాడు. భూతద్దం అలాగే ఉంది. "పోవుడేంది? మొన్న ఉగాది ముంగట చేతి గడియారం తెచ్చిండు. సచ్చినోనికి టైముతోటి ఏం పని?"

ఆ వివరాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా వేదికల మీద 'రుజువేది?' అని అడిగిన మనిషిని, ఆ ప్రశ్న అడగాల్సిన ఒక్కచోట అడగలేదు.

పది గంటల బండికి వరంగల్ చేరి, రవాణా ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా రిజిస్టరు వెతికి తీసేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ పేజీ చిరగలేదు. ఊదారంగు ముద్ర పూర్తిగా ఉంది: లేట్ ఫీ పెయిడ్. రాజిరెడ్డి ఈ బండి కొన్నప్పుడు తన పేరు మీదికి గడువు దాటాక మార్పించుకున్నాడు, అందుకు రుసుము కట్టాడు, అంతే. ఆర్.సి. పుస్తకంలో 'ఫీ పెయిడ్' అన్న రెండు మాటలు చిరునామాతో పాటు చిరిగిపోయాయి.

"మనుషులు సచ్చిన సంగతి మా రిజిస్టర్ల ఉండది సార్" అన్నాడు గుమాస్తా. "మా దగ్గర బండ్లే పుట్టుడు, బండ్లే పోవుడు."

నకలు రాయించి, ముద్ర వేయించుకున్నాను. రాత్రి హన్మకొండలో ఉండి, పొద్దున్నే ఆరున్నరకు భూపాలపల్లి బస్సెక్కాను. పరకాల దాటాక ఊళ్ళు తగ్గి అడవి మొదలవుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రదుమ్ము మీదే, లోపల కూర్చుంటే కోళ్ళ బుట్టలు మీవి. నేను దుమ్ము ఎంచుకున్నాను. తొమ్మిదింబావుకు దిగాను.

రాజిరెడ్డి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బొగ్గు కోసం బోర్లు వేస్తున్న క్యాంపులకు కలప, సామాను చేరవేసే కాంట్రాక్టు ఆయనది. వాకిట్లో జీపు ఉంది, పక్కన మంచం మీద చచ్చిన మనిషి గడ్డం గీసుకుంటున్నాడు. యాభై దాటలేదు, దిట్టంగా ఉన్నాడు. విషయం చెప్పాను. కత్తి పక్కన పెట్టాడు.

"నేను సచ్చిపోయిన్నా? ఎన్నడు?"

"బచ్చన్నపేట లెక్కల చాన్నాళ్ళాయె."

ఆయన ఇంట్లోకి తిరిగి కేకేశాడు. "సుగుణా, ఇటు రా. నీ బొట్టు పోయి చాన్నాళ్ళాయెనట."

సుగుణమ్మ గారు చేతికి పిండితోనే బయటికి వచ్చారు. మొత్తం రెండోసారి చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, లోపల దేవుని ముందు దీపం పెట్టి వచ్చి, "ఆ పోస్టుమాస్టరు నోట్ల శక్కెర పొయ్యాలె" అన్నారు.

మనిషి చచ్చాడని అబద్ధపు మాట పుడితే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. నాకు తెలిసినదే. నా పుస్తకంలో దాని మీద రెండు పేజీలున్నాయి. అందుకే పట్టించుకోకుండా నా పని అడిగాను: "మీరు బతికున్నరని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టుండ్రి. చాలు."

రాజిరెడ్డి కలం అందుకున్నాడు. ఆవిడ ఆ చేతి మీద చెయ్యి వేశారు.

"వద్దు. పోయిన చలికాలం ఈయనకు గుండెల నొప్పొచ్చింది సార్. వరంగల్ దవాఖానల డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఈయనకు గూడ చెప్పలే. మందులతోటి తగ్గిందనుకున్న. ఎట్ల తగ్గిందో ఇప్పుడు తెల్సింది. మీరు కాగితం పట్టుకపోయి పుకారు చంపితే, పెరిగింది మళ్ళ తగ్గదా?"

"తగ్గదమ్మా. పెరగనూ లేదు."

"మీ మాట తప్పయితే మీ పుస్తకంల రెండు కాయితాలు పోతయి. నా మాట నిజమైతే నా మనిషి పోతడు. మీరే చెప్పుండ్రి, నేను సంతకం పెట్టనియ్యాల్నా?"

నా దగ్గర జవాబులున్నాయి. అన్నీ సరైనవే. ఆవిడ ముఖం చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రాజిరెడ్డి నా వైపు జాలిగా చూసి, "పదూర్ల బర్రెల సంగతి గద సుగుణా, నేనే పోయి కనిపిచ్చొస్త" అన్నాడు. ఆవిడ అది కూడా వద్దన్నారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడిపండ్లు పెట్టారు. నేను బయల్దేరేటప్పుడు శేరెడు చక్కెర గుడ్డలో మూట కట్టి ఇచ్చారు. "పోస్టుమాస్టరుకు. పలాన సుగుణమ్మ పంపిందని చెప్పుండ్రి. పేరు తప్పక చెప్పాలె."

ఒంటిగంట బస్సుకు తిరిగి హన్మకొండ, అక్కణ్ణుంచి రైలుకు జనగామ, మర్నాడు పొద్దున బస్సులో బచ్చన్నపేట. మల్లేశం ఊరి బడి ముందు నలభై మందిని కూడగట్టాడు. బండిని దూరంగా చెట్టుకింద ఆపాడు. అక్కడే ఇరవై వేగంతో నిలబడి ఉంది.

అరగంట మాట్లాడాను. నకలు చూపించాను, టైంపీసు స్ప్రింగు బొమ్మ గీశాను, మైలుకూ కిలోమీటరుకూ తేడా చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. పోస్టుమాస్టరు నకలు తీసుకుని రెండుసార్లు చదివాడు.

"ఫీజు లేటయితే లేట్ అంటరు, ఒప్పుకుంట. మనిషి పోయినా లేటే అంటరు. రెండూ ఒక్కటే మనిషికి కావద్దని ఉన్నదా సార్?"

జనం తలలూపారు. నేను చాలామంది పండితులతో వాదించాను, ఇంత గట్టి దెబ్బ తినలేదు. అప్పుడు మల్లేశం, నేను పొద్దున సంగతి చెప్పి ఇచ్చిన చక్కెర మూట విప్పి ఆయన ముందు పెట్టాడు. "రాజిరెడ్డి భార్య సుగుణమ్మ పంపింది. మీ నోట్ల పొయ్యమన్నది."

ముందు వరసలో కూర్చున్న రాజవ్వ లేచి వచ్చింది. రెండు బర్రెల మనిషి, ఈ మూడు నెలలుగా మల్లేశాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. చిటికెడు చక్కెర తీసుకుని నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని రుచి చూసింది.

"ముండమోసింది శక్కెర పంపదు. మనిషి ఉన్నడు."

ముద్ర వేసిన నకలు చేయలేని పని చిటికెడు చక్కెర చేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆమె నన్ను అడిగింది: "మరి ఆయనెందుకు రాసియ్యలే?"

అబద్ధం చెప్పవచ్చు. వాదన మొత్తం నిజం మీద నిలబెట్టినవాణ్ణి కాబట్టి నిజమే చెప్పాను. పుకారుతో ఆయుష్షు పెరిగిందని, నొప్పి తగ్గిందని ఆ ఇల్లాలు నమ్ముతున్నదని, అదంతా వట్టి భ్రమ అని. చివరి మాట ఎవరికీ వినపడలేదు.

"అయితే గిది ఆయుష్షు పెంచే బండి" అంది రాజవ్వ. "ఏం మల్లేశా, నా కొట్టం కాడికి ఎప్పుడొస్తవు? బండి మీదనే రావాలె. నడిచొస్తే సూది ఎయ్యనియ్య."

మర్నాడు పొద్దుటి నుంచి మల్లేశం పగలంతా తిరిగాడు. నేను నాలుగు రోజులు అక్కడే ఉండి, వెనక సీటు మీద ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాను. ప్రతి ఊళ్ళో ముందు బండిని కొట్టం చుట్టూ ఒకసారి తిప్పమనేవారు, తర్వాత పశువును పట్టుకునేవారు. మొదటి రెండు ఊళ్ళలో అలా తిప్పడం తప్పని చెప్పాను. మూడో ఊళ్ళో మంచు కరుగుతోంది, ఊరుకున్నాను. నేను బయల్దేరే రోజుకు రెండే ఊళ్ళు మిగిలాయి, మిరుగుకు ఇంకా పన్నెండు రోజులుంది.

మల్లేశం నన్ను జనగామ స్టేషన్లో దించాడు. యాకూబ్‌తో కొత్త స్ప్రింగు వేయిస్తానన్నాను. "వద్దు సార్, ముల్లు ఇరవై కాడ ఉంటేనే జనం బర్రెల్ని ఇప్పుతున్నరు. మిరుగు అయినంక చూద్దాం."

ఈ దారిలో వెళ్ళదలచినవారికి చెప్పేది ఒక్కటే. రికార్డులు వెంట తీసుకుపొండి, అవి నిజం చెబుతాయి. దాంతోపాటు కాస్త చక్కెర కూడా ఉండనివ్వండి. పదూళ్ళ పశువులు దక్కడం నాకు సంతోషమే. ఏ కారణంతో దక్కాయో తలుచుకుంటే సిగ్గు. రెండూ ఒకే సంచిలో వేసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చాను.

అక్కడ నల్లబల్ల మీద సికింద్రాబాదు ప్యాసింజరు పేరు, దాని పక్కన సుద్దముక్కతో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. మల్లేశం ఆగి చదివి, నా వైపు తిరిగాడు.

"సార్, మీ రైలు లేట్. పాపం, పోయినట్టున్నది."

"పోలేదు, దాని ఆయుష్షు పెరిగింది" అన్నాను. అన్నాక గానీ ఆ మాట ఎవరిదో నాకు గుర్తు రాలేదు.