రెండే రెక్కలు

ఎల్బీనగర్‌లో బస్సెక్కిన పూలమ్మే పెద్దామె నా పక్కన కూర్చుని, బంతిపూల మూటను ఒళ్ళో పెట్టుకుంది. మూటలోంచి పసుపు చారల పురుగొకటి జుయ్యిమంటూ లేచింది. "అమ్మో, కందిరీగ!" అని చెప్పు తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా, గిది కుట్టది. ఉత్త ఈగ."

చటుక్కున దాన్ని గుప్పిట పట్టి, కాళ్ళు వేళ్ళ మధ్య ఇరికించి చూపించింది.

"కందిరీగకు నాలుగు రెక్కలుంటయ్. దీనికి రెండే. రెక్కల ఎనక గీ గుండుసూది తలకాయలు సూడు!"

చెప్పు కింద పడేశాను. పదేళ్ళుగా కాలేజీలో జువాలజీ చెబుతూ, ఏటా బోర్డు మీద గీస్తున్న బుడిపెలు! నిజంగా చూడడం అదే మొదటిసారి.

"గివి ఎందుకో మాత్రం నాకు సమజ్ కాలే," అందామె.

"ఎగిరేటప్పుడు తూలిపోకుండా!" బస్సంతా వినబడేలా చెప్పాను.

"గట్లనా! ఎందుకా అని ఇన్నేండ్ల సంది సోచాయిస్తున్న!" ఆమె మొహం వెలిగిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఇద్దరం దాని మీదికే వంగి కూర్చున్నాం. దిగే ముందు ఆమె కిటికీలోంచి దాన్ని వదిలేసింది.

ఇప్పుడు ఆ పాఠం రోజు క్లాసుకు ఈగను పట్టుకెళ్తాను. పిల్లలంతా చూశాక వదిలేస్తూ, ఆ రోజు ఆమె అన్న మాటే అంటాను.

"పో బిడ్డా, తూలకుండ పో."