సీరియల్ వేళకి అచ్చియ్యమ్మ గేదె ఎటు పోతోంది?

చోడవరంలో బుచ్చయ్యపేట రోడ్డువార అచ్చియ్యమ్మ పాలంటే పాలే. ముప్ఫయ్యేళ్లుగా ఇళ్లకి వాడుక పాలు పోస్తోంది, ఒక్కనాడూ చెంబెడు నీళ్లు కలిపిన పాపాన పోలేదు. నోరు మాత్రం పెద్దది. ఆ నోటికి జడిసి పశువుల బేరగాళ్లు కూడా ఆచితూచి మాట్లాడతారు. అంతటి మనిషి చెవిలో ఆవిడ గేదే నెలరోజులపాటు పువ్వు పెట్టింది!

ఆ గేదె పేరు నీలాలు. కార్తీకంలో ఈనింది, మూడోరోజుకే దూడ చచ్చిపోయింది. ఎదురుగా దూడ లేకపోతే గేదె పాలు చేపదు కదా. అందుకని అందరూ చేసేదే అచ్చియ్యమ్మా చేసింది. ఆ దూడ తోలులో గడ్డి కూరి కుట్టించి, పితికే వేళకి నీలాలు ముందు నిలబెట్టేది. నీలాలు దాన్ని ఓసారి నాకి, బుద్ధిగా పాలిచ్చేది. “ఎర్రిమొకం, నిజం దూడే అనుకుంటంది” అని అచ్చియ్యమ్మ జాలిపడేది.

పూటకి నాలుగు లీటర్లు. మాఘం వచ్చేసరికి పొద్దుట నాలుగూ నాలుగుగానే ఉన్నాయి గానీ, సాయంత్రానివి రెండుకి దిగాయి. సగం ఇళ్లకి లేవని చెప్పాల్సొచ్చింది. ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తే దగ్గు ఆవిడకే పట్టుకుంది. పశువుల డాక్టరు చూసి, గేదె లక్షణంగా ఉందన్నాడు. బేరగాడు సత్తిబాబు మాత్రం పెదవి విరిచేశాడు.

“ఇదింక వట్టిపోతాదప్పా. శనివారం వచ్చి తోలుకుపోతాను.”

అచ్చియ్యమ్మ సరేనని తలూపింది, వాడటు వెళ్లగానే పాకలో కూలబడి ఏడ్చింది. నీలాలు పుట్టింది ఆ పాకలోనే. దాని బొడ్డు కోసింది తనే.

గురువారం మధ్యాహ్నం మేత వేస్తుంటే నీలాలు గిట్టల సందున ఏదో తెల్లగా కనిపించింది. వంగి చూస్తే చెరుకుపిప్పి! చెయ్యి చాపేలోపు మేక మంగ వచ్చి ఆ కాస్తా నమిలి మింగేసింది. సాక్ష్యం పోతే పోయింది, కళ్లతో చూసింది కదా! దొడ్లో కట్టేసిన గేదెకి పిప్పెలా అంటుకుంటుంది? ఆ చుట్టుపక్కల పిప్పి ఎండబోసేది పరదేశి బెల్లం వండే పాక దగ్గర ఒక్కచోటే. అక్కడ దూడ అరిస్తే ఇక్కడికి వినపడుతుంది, అంతే దూరం. మంగ బెల్లందిమ్మ నాకిందని మూడేళ్ల కిందట పరదేశి దాన్ని కట్టేశాడు. అప్పట్నుంచీ అచ్చియ్యమ్మకీ అతనికీ మాటల్లేవు.

“నాను సీరియల్ సూస్తన్నప్పుడు నా గేదెని తోలుకెళ్లి పిండుకుంటన్నాడన్నమాట, దొంగసచ్చినోడు!” అని పళ్లు నూరింది.

శుక్రవారం మధ్యాహ్నం టీవీ గట్టిగా పెట్టి, మంచం మీద దిండుకి తన చీర కప్పి, వెనక గుమ్మంలోంచి పోయి గడ్డివాము చాటున నక్కింది. సీరియల్ పాట మొదలైంది. వెంటనే కుక్క సన్నీ గుమ్మం దాకా వెళ్లి మంచం కేసి తొంగిచూసి, చిన్నగా ఒక్క అరుపు అరిచింది. అంతే! నీలాలు కొమ్ముతో గుంజ మీది పలుపు పైకి ఎత్తేసింది. మూతితో తడిక గడియ తీసి బయటపడింది. మంగ తలతో నెట్టి తడికని మళ్లీ దగ్గరికి వేసింది. సన్నీ గుమ్మానికి అడ్డంగా కాపలా పడుకుంది.

అచ్చియ్యమ్మ నోరెళ్లబెట్టింది. తోలుకెళ్లేవాడెవడూ లేడు, ముగ్గురూ ముగ్గురే! కర్ర పుచ్చుకుని చెరుకుతోట గట్టు వెంట గేదె వెనకే నడిచింది. నీలాలు అటూ ఇటూ చూడకుండా పరదేశి పాక వెనక్కి పోయి నిలబడింది. పిప్పి మీంచి గెంతుకుంటూ ఓ దూడ పరుగున వచ్చి పొదుగు పట్టుకుంది. నీలాలు దాన్ని తల నుంచి తోక దాకా, తోక నుంచి తల దాకా నాకుతూనే ఉంది.

బెల్లం పెనం దగ్గర్నుంచి పరదేశి వచ్చాడు. కర్రని చూసి, “గొడవకొచ్చేవేటప్పా?” అనబోయి, దూడని చూసి ఆగిపోయాడు. “ఓలమ్మో! దీని తల్లి సచ్చిపోయి నెల్లాళ్లయ్యింది. సీసాపాలు ముట్టదు, మరెలాగ బలిసిపోతందో తెలీక మా కోడలు దేవిశ్రీని తిడతన్నాను, దొంగసాటుగా చెరుకురసం పడతన్నావని!”

అచ్చియ్యమ్మ కర్ర పారేసింది. కళ్లమ్మట నీళ్లు, నోటినిండా నవ్వు. “ఏటే నీలాలూ! నిన్ను నాను మోసం సేస్తన్నాననుకున్నానే. గడ్డిదూడని సూసి నమ్మినట్టు యాక్షన్ సేసి, నిజందానికి పాలు దాసిపెట్టేవా? ఎంత తెలివే నీకు, నా తల్లే!” అంటూ గేదె మెడ పట్టుకుని ముద్దులు పెట్టేసింది.

పరదేశి వేడి బెల్లం ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. “దూడని తోలుకుపో అప్పా. దానికి అమ్మ నీ దగ్గరే ఉంది కదా” అన్నాడు. తోలే పని పడలేదు. నీలాలు నడిచింది, దూడ వెనకే నడిచింది.

శనివారం పొద్దున్నే సత్తిబాబు వ్యానేసుకుని వచ్చాడు. అచ్చియ్యమ్మ తడికకి అడ్డంగా నిలబడింది.

“అమ్మనురా.”

“అదేటప్పా? పాలు పెరిగేయా?”

“లేదు. ఇంక పొద్దుట కూడా రెండే.”

“మరి?”

“మరేటి మరి? సంటిపిల్ల తల్లిని సంతకి తోల్తారేట్రా? ఎల్లెల్లు!”

ఆ సాయంత్రం పాలు అందని ఇళ్లన్నిటికీ తనే వెళ్లింది. వాళ్లు అడక్కముందే ఒక్కో గుమ్మంలో నిలబడి, పేరంటం పిలుపు పిలుస్తున్నంత సంబరంగా చెప్పింది: “మీకు మూడు నెల్లు పాలు లేవు. మా నీలాలుకి పిల్లుంది!”