ఎలకల డాక్టరమ్మ

విజయవాడ ల్యాబులో ఎలకల మీద ప్రయోగాలు చేస్తూ చదువుకునే రోజుల్లో స్నిగ్ధ ఎప్పుడు తిరువూరు వచ్చినా, నాయనమ్మ నాగేంద్రమ్మ చెంబుతో గుమ్మంలోనే ఆపేది. "ఎలకల డాక్టరమ్మా, ముందు చేతులు చాపు," అని నీళ్లు పోశాకే లోపలికి రానిచ్చేది.

కాలేయం జబ్బుకు మందు కనుక్కోవాలని స్నిగ్ధ ఆశ. నిధులు రాక ఆ పరిశోధన ఆగిపోయింది. డేటా సైన్స్ నేర్చుకుని ఒక కంపెనీలో చేరింది. ఎక్కడో ఎవరో చేసిన రక్తపరీక్షల అంకెలు ఇప్పుడు తెర మీద సరిచూస్తోంది. జీతం బాగానే ఉంది. ఏడుపూ లేదు, సంతోషమూ లేదు.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఇంటికొచ్చి, అలవాటుగా గుమ్మంలో చేతులు చాపింది.

"ఇప్పుడేం ముట్టుకున్నావనే? లోపలికి రా," అంది నాగేంద్రమ్మ.

స్నిగ్ధ కదల్లేదు. చేతులు అలాగే చాపి, "కాసిని నీళ్లు పొయ్యవే నాయనమ్మా," అంది.