చెవులు మునగాలి

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమెకు వేరే ఉంది. కానీ ఈత కొలను గేటు దగ్గర ఎవరిని అడిగినా రేపటక్క అనే చెబుతారు. ఆ పేరు పెట్టింది అక్కడ ఈత నేర్పే టీచరు. ప్రతి వేసవిలోనూ టీచరు తడిజుట్టు దులుపుకుంటూ వచ్చి, టికెట్ల గది కిటికీలోకి తల పెట్టి, "అక్కా, ఇవాళైనా దిగుతావా?" అని అడిగేది. "రేపు," అనేది ఈమె, చిల్లర అందిస్తూ. ఏళ్లు గడిచాయి. అడిగేవాళ్లకు విసుగు రాలేదు, చెప్పేవాళ్లకు సిగ్గు రాలేదు.

ఆ టికెట్ల గదిని కట్టినవాడికి బుర్ర తక్కువని నా ఉద్దేశం. కిటికీ వీధివైపు పెట్టాడు, కొలను వైపు నిండా గోడ కట్టాడు. గోడ పైన, గాలి కోసం చిన్న కంత. అంచేత రేపటక్క వయసంతా కొలనుకు వీపు పెట్టుకునే గడిచింది. ఆమెకు కొలను చెవులతోనే తెలుసు. దూకింది ఎవరో, జారిపడింది ఎవరో, పొట్ట చరుచుకున్నది ఎవరో చప్పుడును బట్టే చెప్పేది. టీచరు పాఠం అయితే కంఠతా వచ్చు. "తల వెనక్కి వాల్చు. పొట్ట పైకెత్తు. చెవులు మునగాలి. చెవులు కాపాడుకునేవాళ్లు తేలరు." కూర తరుగుతూ కూడా ఆ మాటలే గొణుక్కునేది. కొత్తగా వచ్చి బెదురుతున్నవాళ్లకు టికెట్టుతోపాటు ఆ పాఠం ఉచితంగా చెప్పి పంపేది. చెబుతున్నావిడ మోకాళ్ల దాకా కూడా తడవలేదని పాపం వాళ్లకేం తెలుసు.

దిగాలని లేక కాదు. ఆడవాళ్ల వేళ అయిపోవస్తుండగా సామాన్ల అరలకు తాళాలు వేయడానికి లోపలికి వెళ్లినప్పుడు చూసేది. టీచరు నీళ్లలో నిలబడి, నేర్చుకుంటున్న మనిషి వీపు కింద అరచెయ్యి ఒక్కటి ఆనించి ఉంచేది. కాసేపటికి ఆ మనిషి మొహంలో బిగువంతా వదిలిపోయేది, మోసి మోసి అలిసినవాళ్ల చేతిలోంచి ఎవరో సంచీ అందుకున్నట్టు. చచ్చిపోయేలోగా ఒక్కసారి తన మొహం అలా కావాలని రేపటక్క కోరిక. ఈదాలనీ ఆ చివర దాకా పోవాలనీ కాదు. ఒక్కసారి తేలితే చాలు.

అంత చిన్న కోరికకు ఎన్ని అడ్డాలో. దగ్గు తగ్గనీ అంది. ఎండలు ముదరనీ అంది. ఒళ్లు కాస్త తగ్గించుకుని దిగుతానంది. ఈత దుస్తులు లేవంది. టీచరు పట్టుబట్టి కొనిపిస్తే వాటిని మడత విప్పకుండా బీరువా అడుగున దాచింది. ఇలా మీనమేషాలు లెక్కపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందరిలాగే నేనూ అది బద్ధకం అనుకున్నాను. కాదట.

ఆమె తల్లి చాలాకాలం మంచాన ఉంది. కదలిక పోయింది గానీ నోరు పోలేదు. "గ్యాస్ కట్టేశావా? తలుపు గడియ పెట్టావా? ఆ చప్పుడేంటి? ఎవరొచ్చారు?" పక్కగదిలోంచి ఒకటే ప్రవాహం. "కాస్త ఊరుకోవే అమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి," అని ఈమె కసురుకునేది. ఆ సేవలోనే పెళ్లి మాట వాయిదా పడి, పడి, చివరికి ఎవరూ ఎత్తని మాటైపోయింది. ఒకరోజు పక్కగది ఊరుకుంది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఆమె గ్యాస్ కట్టేసి, తలుపు గడియ పెట్టి, ఎవరైనా అడుగుతారేమోనని నిలబడింది. ఉలుకూ పలుకూ లేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ ఆగలేదు. తాళం తీసి, చెప్పులు విడవకముందే టీవీ పెట్టేది. ఏం వస్తోందో చూసేది కాదు, గొంతులుంటే చాలు. కరెంటు పోతే మెట్ల మీదకు వచ్చి, వచ్చేపోయేవాళ్ల చెప్పుల చప్పుడు వింటూ నిలబడేది.

నిజానికి ఒకసారి నీళ్లలోకి దిగింది కూడా. తల్లి పోయిన మరుసటి వేసవి, మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు టీచరు బలవంతం మీద. వీపు కింద టీచరు చెయ్యి ఉంది. తల వాల్చింది. నీళ్లు చెవుల్లోకి రాగానే టీచరు గొంతు తెగిపోయింది. లోకమంతా పక్కగదిలా అయిపోయింది. ఆమె టీచరు మెడ పట్టుకుని పైకి లేచి, "చెవిపోటు, రేపు చూద్దాంలే," అని వణుకుతూ గట్టెక్కింది. అసలు సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం, ఇంత వయసొచ్చి నిశ్శబ్దానికి భయపడతావా అని నవ్వరూ?

ఈ ఏడు వేసవి మధ్యలో కబురొచ్చింది. గోడలు బీటలిచ్చాయట, కొలను మూసేస్తారట, నీళ్లు తీసేసి ఆ జాగాలో కార్లు నిలుపుకునే చోటు కడతారట. రేపటక్కను ఆఫీసులో వేరే కిటికీ దగ్గర కూర్చోబెడతారట. అదీ వీధివైపేనని ఎవరో ఎకసెక్కెంగా అన్నారు.

ఆ సాయంత్రం టీచరు కిటికీలోకి తల పెట్టలేదు. తలుపు తోసుకుని లోపలికే వచ్చింది.

"అక్కా, నీ రేపులన్నీ అయిపోయాయి. వచ్చే వారంతో సరి. సోమవారం పెందలాడే వచ్చెయ్. నా చెయ్యి నీ వీపు కింద ఉంటుంది. నువ్వు తియ్యమనేదాకా తియ్యను."

"వస్తాను," అంది రేపటక్క. ఈసారి నిజంగానే అంది.

సోమవారం చీకటితోనే లేచి బీరువా అడుగు నుంచి ఈత దుస్తులు తీసింది. చీటీ కూడా తెంపని కొత్త దుస్తులు. నడుం పట్టీ లాగి చూస్తే లాగినంత సాగి అక్కడే ఉండిపోయింది. లోపలి రబ్బరు పొడిపొడిగా వేళ్లకు అంటింది. వాటితోపాటు దాచిన ఈత కళ్లద్దాల పట్టీ ముట్టుకోగానే తెగింది. తొడిగి ఉతికినవాళ్లవైతే ఇన్నాళ్లలో చిరిగేవి. ఈమెవి దాచిపెట్టగా పాడయ్యాయి. మంచం మీద వాటిని పరుచుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ఫోన్ అందుకుంది.

"బట్టలు పాడైపోయాయే. రేపు వస్తాను."

"సరే అక్కా," అంది టీచరు.

ఆ మధ్యాహ్నమే టీచరు కూతురికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయని కబురొచ్చింది. కూతురుండేది వేరే ఊరు. టీచరు కట్టుబట్టలతో రైలెక్కింది. రైల్లోంచే ఫోన్ చేసింది. "ఇక అటు రాను అక్కా. తిరిగి రావడానికి అప్పటికి కొలనెక్కడుంటుంది? నువ్వు మాత్రం దిగు. దిగుతావా?"

"దిగుతాలే, రేపు..." నోటికి అలవాటైన మాట, ఆపుకునేలోగా జారిపోయింది. టీచరు చిన్నగా నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సొరంగం వచ్చిందో ఏమో, లైను తెగింది.

ఫోన్ పట్టుకుని రేపటక్క ఏడ్చింది. ఇన్నేళ్లలో తనను పట్టించుకుని పిలవడానికి మిగిలింది ఆ ఒక్క మనిషి. ఆమె ఊరికే ఇస్తానన్న చేతిని తనే కాలదన్నుకుంది. ఆ తప్పు నెట్టడానికి ఇంకెవరూ లేరు.

నీళ్లు తీసేసే రోజు వచ్చింది. మోటారు చూసే పెద్దాయన పానా పట్టుకుని వాల్వు గదికి పోతుంటే, కొలను గట్టున రేపటక్క నిలబడి ఉంది. వదులు చొక్కా, పాత పైజామా, తల మీద గట్టిగా చుట్టిన తువ్వాలు.

"కాసేపు ఆగు బాబాయ్. నేను దిగాలి."

ఆయన ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. "ఈ బట్టలతో దిగనివ్వరమ్మాయ్. నువ్వే కదా అందర్నీ వెనక్కి పంపేది."

"ఇవాళ టికెట్ల గది మూసేశాను. అడ్డుకునేవాళ్లు లేరు. నువ్వు ఇక్కడే ఉండు. మునిగితే తియ్యి."

పెద్దాయన పానా కింద పెట్టి తల గోక్కున్నాడు. "నాకూ ఈత రాదే."

"ఇన్నేళ్ల నుంచి ఇక్కడే ఉన్నావు కదా?"

"నువ్వెక్కడున్నావేంటి?" అని, నీళ్లలో రాలిన ఆకులు తీసే పొడుగాటి కర్ర తెచ్చి గట్టున కూర్చున్నాడు. "ఇది పట్టుకుంటాలే. దిగు."

లోతు తక్కువ వైపు మెట్లు దిగింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. చొక్కాలోకి గాలి చేరి పొట్ట ముందు బూరెలా ఉబ్బింది. పెద్దాయన మర్యాదగా అటు చూశాడు. తల వాల్చింది, పొట్ట ఎత్తింది, గడ్డం మాత్రం పైకే పెట్టింది. కాళ్లు రాళ్లు కట్టినట్టు కిందకు పోయాయి. బుడుంగున మునిగి, దగ్గుతూ లేచింది.

"ఏమైంది?"

"నీళ్లు మింగాను."

"పర్వాలేదు. నిన్నటి నుంచి నీళ్లలో మందు కలపడం మానేశాను."

మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ మునిగింది. చెవులకు తడి తగలగానే మెడ దానంతట అదే పైకి లేస్తోంది. చివరికి సిగ్గు విడిచి అడిగేసింది. "బాబాయ్, నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. గొంతు వినబడుతుంటే నాకు ధైర్యం."

మాటలకు మొహమాటపడే మనిషి ఆయన. "నేనేం మాట్లాడను?"

"నీ ఇష్టం."

ఆయన ఆలోచించి మోటారు బేరింగు గురించి మొదలుపెట్టాడు. అది ఎప్పుడు అరిగింది, ఎవరు మార్చారు, మార్చినవాడు ఎంత చేతకానివాడు. రేపటక్క ఆ గొంతు అందుకుంటూ తల వాల్చింది. బేరింగు కథ వినబడినంతసేపూ చెవులు పైనే ఉన్నాయి. చెవులు పైన ఉన్నంతసేపూ కాళ్లు కిందకే పోయాయి. మూడోసారి ముక్కులోకి నీళ్లు పోయి నిలబడ్డప్పుడు ఆమెకు అర్థమైంది. తనను ముంచుతున్నది నీళ్లు కాదు, ఎవరైనా మాట్లాడితే బాగుండునన్న ఆశ. కూర తరుగుతూ ఇన్నేళ్లు వల్లించిన పాఠంలో ఆ ఒక్క ముక్కా తన కోసమే చెప్పినట్టుంది.

రేపు అన్న మాట మళ్లీ నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దాయన పక్కన పానా పడి ఉంది. ఆమె కళ్లు మూసుకుని తల పూర్తిగా వాల్చేసింది.

నీళ్లు చెవులు మూశాయి. బేరింగు కథ సగంలో తెగిపోయింది. వీధి లేదు, గేటు లేదు, పక్కగది లేదు. వీపు కింద చెయ్యి కోసం ఒళ్లంతా వెతుక్కుంది. అక్కడా ఏమీ లేదు. అంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు. లేవబోయి కూడా లేవలేదు. అమ్మ గ్యాస్ సంగతి అడగదు. టీచరు సరే అనదు. కాచుకోవడానికి ఏ గొంతూ మిగల్లేదు గనక మెడ పైకి లేవడం మానేసింది. చాలాసేపటికి ఏదో వినబడింది. లోపలికీ బయటికీ, నెమ్మదిగా, తన ఊపిరే. ఇన్నాళ్లూ టీవీ మోతలో దాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు.

కళ్లు తెరిస్తే తన కాలి వేళ్లు నీళ్ల మీద కనబడ్డాయి. గట్టున పెద్దాయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా.

ఆమె గట్టెక్కాక ఆయన వెళ్లి వాల్వు తిప్పాడు. రేపటక్క టికెట్ల గదిలోంచి కుర్చీ బయటకు లాక్కొచ్చుకుని, మొదటిసారిగా కొలనుకు ఎదురుగా కూర్చుంది. సాయంత్రం దాకా నీళ్లు గోడ పలకల మీదుగా ఒక్కో వరుసా దిగిపోయాయి. తను తేలిన జాగా ముందు బురదై, తర్వాత ఆరిపోయింది. ఇంకొక్క గంట ముందు వచ్చినా ఇంకోసారి తేలేదాన్ని కదా అనిపించింది.

ఇంటికి వచ్చి తడిబట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. టీవీ గొంతు తగ్గించడానికని చెయ్యి చాపింది. తీరా చూస్తే, అది పెట్టనే లేదు.

"డాక్టర్లు నొప్పులు ఆపి చూశారు, ఇవాళ మనవరాలు పుట్టింది అక్కా. ఇద్దరూ బాగున్నారు," అంది టీచరు. కాసేపు ఆ కబుర్లయ్యాక మెల్లగా అడిగింది. "నీళ్లు తీసేశారా?"

"తీసేశారు. ముందు నేను దిగాను. తేలాను."

"పోనీలే అక్కా." ఆ గొంతులో నమ్మకం లేదు, ఓదార్పు ఉంది. రేపటక్క దాన్ని తప్పు పట్టలేకపోయింది.

"నిజమేనే. నీ చెయ్యి కోసం వెతుక్కున్నాను. దొరకలేదు."

అవతల పసిపాప క్యారుమని ఊరుకుంది.

"చెవులు ముంచావా?" అంది టీచరు, పాఠం చెప్పే గొంతుతో.

"ముంచాను."

"ఏం వినబడింది?"

"ఏమీ వినబడలేదు. నీ గొంతు కూడా."

టీచరు చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో ఫోన్ తెగిందేమోనని రేపటక్క కంగారుపడలేదు, హలో అని అరవలేదు. చెవి దగ్గర ఆనించుకుని కూర్చుంది.

"అయితే తేలావక్కా," అంది టీచరు చివరికి.