మామయ్య మిల్లు బెల్టు మీద విమానం

ఆ రోజుల్లో విమానమంటే తలెత్తి చూసి, అది మబ్బుల్లో కలిసేదాకా మెడ నొప్పి తెచ్చుకోవడానికే ఉండేది. మాలో ఎవరమూ దాన్ని దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. అలాంటిది, ఒక విమానం నా కొంప ముంచి మరీ ఎగిరిపోయిందంటే ఇప్పటికీ నాకే నమ్మకం కుదరదు. అరవైల చివర్లో నేను బాపట్ల కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటర్ని. ఇల్లు రేపల్లెలో. శనివారం ఇంటికి వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి. తెనాలిలో మా మేనమామకి బియ్యం మిల్లు ఉంది, పెళ్ళికెదిగిన కూతురూ ఉంది. అందువల్ల రేపల్లె బండి నాకు తరచూ తప్పిపోయేది (ఒకటి రెండుసార్లు అది ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగానే తప్పిపోయింది).

మామయ్య ధాన్యం కొనాలంటే నాలుగు గింజలు కొరికి చూస్తేగాని ధర చెప్పేవాడు కాదు. అల్లుణ్ణి కొరికి చూడటం బాగుండదు కనుక ప్రశ్నలు వేసేవాడు. ఆ వేసవిలో మరదలికి ఏలూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి సంబంధం వచ్చింది. అత్తయ్య మనసు నా మీదే ఉన్నా, మామయ్య ఏదో ఒక మాట ఆదివారం తేలుస్తానన్నాడు. ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆయన పెరుగు కలుపుకుంటూ, "ఏరా అల్లుడూ, మన మిల్లు బెల్టు లాంటిదాని మీద విమానాన్ని పెట్టి, అది ముందుకి ఎంత జోరుగా పోతే బెల్టుని వెనక్కి అంత జోరుగా లాగామనుకో. లేస్తుందంటావా?" అన్నాడు. నేను క్షణం కూడా ఆలోచించకుండా లేవదన్నాను. ఉన్నచోటే ఉంటుందనీ, రెక్కలకి గాలి తగలదనీ పాఠం మొదలుపెట్టాను. మజ్జిగ వడ్డిస్తున్న మరదలు మెల్లగా, "చక్రాలు ఊరికే తిరుగుతాయి బావా. లాగేది ముందున్న పంకా కదా, అది గాలిని పట్టుకుని లాగుతుంది" అంది. ఇంటర్లో లెక్కలు తీసుకున్న పిల్లకి ఫిజిక్సు ఏం తెలుస్తుందని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మామయ్య కళ్ళతో చూడనిది నమ్మడు. మిల్లులోంచి పాత బెల్టు తెప్పించి వసారా పొడుగునా పరిపించాడు. రబ్బరు పురితో పంకా తిరిగే తేలిక చెక్క విమానం ఒకటి నా సంచిలోనే ఉంది (మరదలికి బహుమతిగా స్వయంగా చేసి తెచ్చింది, నా ఖర్మ). పురి బిగించి విమానాన్ని బెల్టు మీద వదిలాను. మామయ్య బెల్టు కొస పట్టుకుని వెనక్కి పరుగెత్తాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. విమానం మాత్రం బెల్టు ఊసే పట్టనట్టు ముందుకే సాగి, వసారా చివర నిక్షేపంగా గాల్లోకి లేచి, వాకిట్లో అత్తయ్య పెట్టిన పచ్చి వడియాల మీదుగా చక్రాల గాడి వేసుకుంటూ దిగింది.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. బెల్టు జోరు చాల్లేదన్నాను. మళ్ళీ చేద్దామన్నాను. మళ్ళీ ఎగిరింది. ఈసారి గాలి వాటం కలిసొచ్చిందన్నాను. మామయ్య రొప్పుతూ అరుగు మీద చతికిలబడ్డాడు. అత్తయ్య వడియాలు చేత్తో సర్దుతూ నావైపు జాలిగా చూసింది. మరదలు నా పక్కకి వచ్చి ఎవరికీ వినపడకుండా, "ఎగిరింది కదా బావా. ఒక్కసారి అవునంటే ఏం పోతుంది?" అంది. ఆ గొంతులో బతిమాలడం నాకు తెలుస్తూనే ఉంది. అయినా నేను, ఇలాంటిదాన్ని ప్రయోగమనరని చెప్పాను. ఆమె తండ్రివైపు తిరిగి, "నాన్నా, ఏలూరు వాళ్ళకి కబురు పెట్టు" అంది.

ఆ సాయంత్రం రేపల్లె బండి నాకు తప్పలేదు. దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ బతుకు మీద ఆశ వదిలేసుకున్నాను. శ్రావణంలో మరదలి పెళ్ళి. భోజనాల్లో నా విస్తరిలో పడ్డ వడియం మీద సన్నటి గాడి కనిపించింది. మిగతావన్నీ పక్కకి నెట్టేసి, ఆ వడియం మాత్రం వదలకుండా తిన్నాను.

తర్వాత లెక్చరర్నయ్యాను, రిటైరయ్యేదాకా ఏటా క్లాసులో అదే ప్రశ్న వేశాను. ప్రతి ఏడూ ఒకడు లేచి, ఆనాడు నాకున్నంత ధీమాతో "ఎగరదు సార్" అనేవాడు. వాడికి జవాబు చెప్పడానికి ముందు, నీకు మరదలు ఉందా నాయనా అని అడగాలని నోటిదాకా వచ్చేది.