అలుపా, భయమా?

మా పీఈటీ మేడమ్ పోయారని ఖమ్మం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. బూట్లు వేసుకుని ఆయిల్‌పామ్ తోటల వెంట ఊపిరాడనంత దాకా పరుగెత్తి వచ్చాను. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "అంత చేసిన మనిషి పోతే కంట చుక్క నీరు లేదు. రాతిగుండె నీది" అంది. మా ఇంట్లో నన్ను ఎప్పుడూ ఇలాగే అర్థం చేసుకున్నారు. కుదురుగా కూర్చోకపోతే పొగరు. మాట్లాడకపోతే కోపం. ఫారెస్టు బీట్ ఆఫీసరుగా ఉద్యోగమొస్తే, పెళ్లి తప్పించుకునే ఎత్తు. చేరేది లేదని నాన్న తేల్చేశారు కూడా.

మేడమ్ గురుకులంలో మాకు ఆటలు నేర్పేవారు. ఏన్కూరు వైపు మనిషి. కుచ్చిళ్లు ఎత్తి దోపిన చీర, కింద ట్రాక్ ప్యాంటు. మెడలో విజిల్ వేలాడేది కానీ ఊదగా చూడలేదు. వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే గ్రౌండు చివర మేకలు కూడా ఆగేవి.

"నావల్ల కాదు మేడమ్" అని ఎవరైనా ఆగిపోతే తిట్టేవారు కాదు. దగ్గరికొచ్చి, "అలుపొచ్చిందా, భయమొచ్చిందా?" అనేవారు. అలుపైతే కూర్చోవచ్చు. భయమైతే ఇంకో రౌండు. నేను ఎప్పుడూ అలుపనే చెప్పేదాన్ని, నిజంగా అలుపేననుకునేదాన్ని. ఒకరోజు నవ్వారు.

"గిన్ని సాకులు జెప్పనీకి ఊపిరి యాడికెల్లి వస్తుందే నీకు? ఉరుకు!"

ఆ రోజు ఉరికిన దూరం ముందునుంచే నా కాళ్లలో ఉందని తెలిసి సంతోషం కాదు, మంట పుట్టింది. ఇన్నాళ్లూ ఎవరు దాచారని. అలాగని ఆవిడ మొండిగా తోసే మనిషి కాదు. జ్వరంతో పోటీకి దిగితే చెయ్యి పట్టి ఆపేశారు. "ఇది అలుపు. కూసో. దీన్ని గుర్తుపట్టుడు గూడ నేర్సుకో."

డిగ్రీ అయ్యాక, బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి పెట్టే నడక పరీక్ష కోసం పొద్దున్నే రోడ్డెక్కి పరుగెత్తేదాన్ని. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసినవాళ్లు. మా ఇంట్లో "పరుగు" అంటాం, ఇక్కడివాళ్లు "ఉరుకుడు" అంటారు. ఓ పొద్దున పాలామె వచ్చి, "మీ పిల్ల ఉరికిందమ్మా, తోటల దిక్కు" అంది. అంతే. అమ్మ శోకాలు, నాన్న బైకేసుకుని అశ్వారావుపేట బస్టాండుకి, "ఎవడు వాడు?" అంటూ చిన్నాన్న ఫోన్లు. నేను చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి వాకిలి నిండా జనం. నవ్వుకుని వదిలేయాల్సింది. నాకు రోడ్డు బంద్ చేశారు.

సంగతి తెలిసి మేడమ్ స్కూటీ మీద మా ఇంటికొచ్చారు.

"పరువు పోయిందండీ, ఊరంతా లేచిపోయిందనుకుంది" అన్నారు నాన్న.

"ఊరు ఉరికిందనే అన్నది సార్. లేచిపోయిందనుకున్నది మీరు."

ఆవిడ తీరిగ్గా టీ తాగి నావైపు తిరిగారు. "రేపు జల్దీ లెవ్వు. నేను గూడ వస్త."

వచ్చారు. పరీక్ష అయ్యేదాకా నా వెనక ఆ స్కూటీ మోత ఉండేది. తర్వాత ఆవిడే మంచాన పడ్డారు.

చివరిసారి ఖమ్మం దవాఖానాలో చూశాను. ఈల వేసిన నోట మాట కూడా కష్టంగా వస్తోంది.

"ఆర్డరొచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఇంట్లో వద్దంటున్నారు."

"వాళ్లు సరే. నువ్వేమంటున్నవ్?"

నేను ఆవిడ దుప్పటి సర్దాను. ఆవిడ రెట్టించలేదు. నా ముంజేతి మీద చెయ్యి వేసి, కిటికీ వైపు చూస్తూ పడుకున్నారు.

నిన్న అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "ఆడపిల్లవి, ఆ అడవిలో ఒక్కదానివే. భయం లేదుటే?"

"ఉందమ్మా."

"మరి?"

"వెళ్తున్నాను."

సోమవారం భద్రాచలం అవతల నా బీటులో చేరుతున్నాను. నాన్న దింపితే సరే. లేకపోతే బస్సులున్నాయి.